మైదానం నుంచి ధర్మాసనానికి: జస్టిస్ అలన్ పేజ్ జీవితం

అమెరికాలో మిన్నెసోటా 1858లో రాష్ట్రంగా ఏర్పడింది. ఆ రాష్ట్ర సుప్రీంకోర్టులో ఒక నల్లజాతి న్యాయమూర్తి కూర్చోవడానికి అక్కడి నుంచి 135 ఏళ్లు పట్టింది. 1993 జనవరిలో ఆ స్థానంలోకి వచ్చిన అలన్ పేజ్‌ను ఏ గవర్నరూ నియమించలేదు. ప్రజలు ఓటేసి ఎన్నుకున్నారు. ఆ ఓటింగు జరగాలంటే కూడా ఆయన ముందుగా కోర్టులో కేసు వేసి గెలవాల్సి వచ్చింది.

అప్పటికే పేజ్ పేరు తెలియని అమెరికన్ క్రీడాభిమాని లేడు. పదిహేనేళ్లు ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆడారు. ఆ ఆడే రోజుల్లోనే లా పట్టా తీసుకున్నారు. మారథాన్ పరుగుకు అలవాటు పడి, ఆ పరుగు వల్లే ఒక జట్టులో చోటు పోగొట్టుకున్నారు. తర్వాత 22 ఏళ్లకు పైగా న్యాయమూర్తిగా పనిచేశారు. ఆటల్లో పేరు తెచ్చుకుని సినిమాల్లోకో రాజకీయాల్లోకో వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు. రాష్ట్ర అత్యున్నత ధర్మాసనం దాకా వెళ్లినవాళ్లు అరుదు. కాగితం మీద రాసి ఉన్న హక్కును అమలు చేయించుకోవడం ఆయన జీవితమంతా కనిపించే పోరాటం. ఆటగాళ్ల సంఘంలో, బ్యాలెట్ కేసులో, బడుల నిధుల తీర్పులో అదే పని చేశారు. అందుకే ఈ జీవితాన్ని క్రీడా విజయాల జాబితాగా చదివితే సరిపోదు.

ఉక్కు పట్టణంలో బాల్యం

అలన్ పేజ్ 1945 ఆగస్టు 7న ఒహాయో రాష్ట్రంలోని కాంటన్‌లో పుట్టారు. అది ఉక్కు కర్మాగారాల పట్టణం. నల్లజాతి కుటుంబాల పిల్లలకు కనిపించే దారి కూడా ఎక్కువగా ఆ కర్మాగారాల గేటు వైపే. తల్లి ఒక క్లబ్బులో పనిచేసేవారు. పేజ్‌కు పదమూడేళ్లప్పుడు ఆమె చనిపోయారు. చదువుకుంటేనే బతుకు మారుతుందని ఆ ఇంట్లో పిల్లలకు గట్టిగా చెప్పేవారు.

1954 మే 17న అమెరికా సుప్రీంకోర్టు ‘బ్రౌన్ వర్సెస్ బోర్డ్ ఆఫ్ ఎడ్యుకేషన్’ కేసులో తీర్పిచ్చింది. ప్రభుత్వ బడుల్లో నల్లవాళ్లనూ తెల్లవాళ్లనూ వేరువేరుగా కూర్చోబెట్టడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. అప్పటికి పేజ్‌కు ఎనిమిదేళ్లు దాటాయి. ఒక కోర్టు కాగితం ఇంత పెద్ద గోడను కూలదోయగలదా అన్న ఆశ్చర్యమే తనను లా వైపు లాగిందని తర్వాతి రోజుల్లో ఆయన చాలాసార్లు చెప్పారు. టీవీలో వచ్చే లాయర్ల సీరియల్ చూసి లాయర్ కావాలనుకున్నానని కూడా సరదాగా అనేవారు. ఫుట్‌బాల్ ఆ తర్వాత వచ్చింది. హైస్కూల్లోకి వచ్చేదాకా ఆయన ఆ ఆట మీద పెద్దగా దృష్టి పెట్టలేదు.

కాంటన్‌తో ఆయనకున్న మరో బంధం గురించి చెప్పుకోవాలి. అమెరికన్ ఫుట్‌బాల్ మేటి ఆటగాళ్ల స్మారకం ‘ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్’ 1963లో ఆ ఊళ్లోనే తెరుచుకుంది. దాని నిర్మాణ పనుల్లో కూలి చేసిన కుర్రాళ్లలో పేజ్ ఒకరు. పాతికేళ్ల తర్వాత అదే భవనంలో ఆయన విగ్రహం పెట్టారు.

జట్టులో ఒకే ఒక్క నల్లజాతి ఆటగాడు

అమెరికన్ ఫుట్‌బాల్ అంటే మనం ఫుట్‌బాల్ అని పిలిచే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో విసురుతూ, పట్టుకుని పరుగెత్తుతూ, ఒకరినొకరు పడగొట్టుకుంటూ ఆడే ఆట అది. పేజ్ ఆడిన స్థానం పేరు డిఫెన్సివ్ టాకిల్. ఎదుటి జట్టు ముందు వరుసను ఛేదించుకుని, బంతి విసరబోయేవాడిని విసరకముందే పడగొట్టడం ఆ స్థానంలో ఉన్నవాడి పని.

హైస్కూలు తర్వాత ఆయన నోటర్ డామ్ యూనివర్సిటీలో చేరి రాజనీతిశాస్త్రం చదివారు. 1966లో ఆ యూనివర్సిటీ జట్టు జాతీయ చాంపియన్‌గా నిలిచింది. ఆ జట్టులో పేజ్ ఒక్కరే నల్లజాతి ఆటగాడు. ఆ ఏడాది నోటర్ డామ్‌తో సమానంగా నిలిచిన మిచిగాన్ స్టేట్ జట్టులో నల్లజాతి ఆటగాళ్లు చాలామంది ఉన్నారు. దక్షిణాది యూనివర్సిటీలు తమ జట్ల తలుపులు వాళ్లకు మూసేయడంతో, వాళ్లలో ఎంతోమంది ఉత్తరాదికి వచ్చి ఆడారు. బ్రౌన్ తీర్పు వచ్చి పన్నెండేళ్లయినా ఆట మైదానాల్లో పరిస్థితి అలా ఉంది.

1967లో మిన్నెసోటా వైకింగ్స్ జట్టు ఆయన్ను మొదటి రౌండులోనే ఎంచుకుంది. కార్ల్ ఎల్లర్, జిమ్ మార్షల్, గ్యారీ లార్సెన్‌లతో కలిసి పేజ్ నిలబడిన ఆ రక్షణ వరుస పేరు వింటే ప్రత్యర్థులు భయపడేవారు. ఆయన ఉన్న కాలంలో వైకింగ్స్ నాలుగుసార్లు సూపర్ బౌల్ ఫైనల్‌కు వెళ్లింది. నాలుగుసార్లూ ఓడింది. 1971లో లీగ్ మొత్తానికీ అత్యంత విలువైన ఆటగాడిగా పేజ్‌ను ఎంపిక చేశారు. గోల్స్ కొట్టేవాడికే పురస్కారాలు దక్కినట్టు, అక్కడ కూడా అప్పటిదాకా ఆ గౌరవం దాడి చేసే ఆటగాళ్లకే వెళ్లేది. రక్షణ ఆటగాళ్లలో దాన్ని అందుకున్న మొదటివాడు పేజ్. ఆ తర్వాత 1986లో లారెన్స్ టేలర్‌కు మాత్రమే అది దక్కింది.

ఆటగాళ్ల సంఘం, యజమానుల రూలు

పేరుకు స్టార్లే అయినా ఆ రోజుల్లో ఆటగాళ్లకు ఉద్యోగం మారే స్వేచ్ఛ దాదాపు లేదు. ఒప్పందం ముగిసిన ఆటగాడు వేరే జట్టుకు వెళితే, కొత్త జట్టు పాత జట్టుకు పరిహారం ఇవ్వాలి. ఆ పరిహారం ఏమిటో లీగ్ కమిషనర్ పీట్ రోజెల్ నిర్ణయిస్తారు. మంచి ఆటగాళ్లనే ఎదురివ్వాల్సి రావచ్చన్న భయంతో ఏ జట్టూ కొత్తవాడిని తీసుకునేది కాదు. దీన్నే రోజెల్ రూల్ అనేవారు. ఒప్పందం ముగిసినా పాత యజమాని దగ్గరే పడి ఉండాల్సిన ఈ పద్ధతిని అర్థం చేసుకోవడానికి మన పాలేరు వ్యవస్థ తెలిసినవాళ్లకు పెద్ద వివరణ అక్కర్లేదు. అక్కడ జీతాలు మాత్రం వేరు.

పేజ్ 1970 నుంచి జట్టు తరఫున ఆటగాళ్ల సంఘం ప్రతినిధిగా ఉన్నారు. సంఘం కార్యవర్గంలోనూ పనిచేశారు. 1974 వేసవిలో ఆటగాళ్లు సమ్మెకు దిగారు. స్వేచ్ఛ లేకపోతే ఆట లేదన్నది వాళ్ల నినాదం. సమ్మె ఫలించలేదు. కానీ కోర్టులో పోరాటం ఫలించింది. జాన్ మాకీ, ఇంకొందరు ఆటగాళ్లు వేసిన కేసు మినియాపొలిస్‌లోని ఫెడరల్ కోర్టులో నడిచింది. రోజెల్ రూల్ గుత్తాధిపత్య నిరోధక చట్టానికి విరుద్ధమని 1976లో అప్పీలు కోర్టు కూడా తేల్చింది. సమ్మె చేయలేని పనిని చట్టం చేయడం పేజ్ దగ్గర నుంచి చూశారు. ఆ సమయంలో ఆయన లా విద్యార్థి కూడా.

ఆడుతూనే లా పట్టా, పరిగెత్తినందుకు వేటు

వైకింగ్స్‌లో చేరిన తొలి రోజుల్లోనే ఆయన ఒకసారి లా కాలేజీలో చేరి కొద్ది వారాలకే మానేశారు. రెండోసారి 1975లో మిన్నెసోటా యూనివర్సిటీ లా స్కూల్లో చేరారు. ఈసారి వదల్లేదు. ఆదివారం వేలమంది ముందు ఆట. సోమవారం మళ్లీ క్లాసు. శిక్షణ శిబిరాలు, ప్రయాణాలు, గాయాల మధ్య పరీక్షలు రాసి 1978లో పట్టా తీసుకున్నారు.

ఆ కాలంలోనే పరుగు ఆయన జీవితంలోకి వచ్చింది. భార్య డయాన్ సిగరెట్ మానడానికి పరుగు మొదలుపెడితే, తోడుగా ఆయనా వెళ్లారు. తర్వాత దాన్ని వదల్లేకపోయారు. వారం వారం మైళ్లు పెరిగాయి. ఒంట్లో బరువు తగ్గింది. ఆయన ఆడే స్థానానికి భారీ శరీరం ఉండాలన్నది కోచ్‌ల లెక్క. కోచ్ బడ్ గ్రాంట్‌తో విభేదం ముదిరింది. లా పట్టా అందుకున్న 1978లోనే, సీజన్ మధ్యలో, వైకింగ్స్ ఆయన్ను వదిలేసింది. వదిలేసిన ఆటగాళ్లకు ఉండే నామమాత్రపు ధర వంద డాలర్లు కట్టి షికాగో బేర్స్ తీసుకుంది. ఆటకు పనికిరాడన్న మనిషి అక్కడ 1981 దాకా ఆడారు. 1979లో మారథాన్ పూర్తి చేసి, లీగ్‌లో ఆడుతూ ఆ పని చేసిన తొలి ఆటగాడయ్యారు. కెరీర్ మొత్తంలో వరసగా 218 మ్యాచ్‌లు ఒక్కటి కూడా తప్పకుండా ఆడారు.

ఈ రెండో ఆట ఆయనకు ముసలితనందాకా తోడొచ్చింది. తాను పరుగు తగ్గించాక, ట్విన్ సిటీస్ మారథాన్ రోజున దారి పక్కన నిలబడి సూసాఫోన్ అనే పెద్ద బాకా ఊదుతూ పరుగువీరులను ఉత్సాహపరచడం ఆయనకు అలవాటైంది. ఆ నగరవాసులకు అది ఏటా చూసే దృశ్యం.

బ్యాలెట్ మీద పేరు కోసం కేసు

ఆట సీజన్ లేని నెలల్లో 1979 నుంచే ఆయన మినియాపొలిస్‌లోని ఒక లా సంస్థలో ప్రాక్టీసు చేశారు. 1985లో రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయంలో చేరి ఉద్యోగ వివాదాల కేసులు చూశారు. తర్వాతి లక్ష్యం రాష్ట్ర సుప్రీంకోర్టు. చిక్కు అక్కడే మొదలైంది.

మిన్నెసోటాలో న్యాయమూర్తుల్ని ఆరేళ్లకొకసారి ప్రజలు ఎన్నుకోవాలని రాష్ట్ర రాజ్యాంగం చెబుతుంది. అయితే పదవీకాలం మధ్యలో ఖాళీ వస్తే గవర్నర్ నియమిస్తారు. ఆచరణలో ఏం జరిగేదంటే, జడ్జీలు పదవీకాలం పూర్తికాకముందే తప్పుకునేవారు. గవర్నర్ తనకు నచ్చినవారిని నియమించేవారు. ఎన్నికల నాటికి ఆ నియమితులు సిట్టింగ్ జడ్జీలుగా నిలబడి సులువుగా గెలిచేవారు. రాజ్యాంగంలో ఎన్నిక ఉంది. జరిగేది మాత్రం నియామకం. ఈ వలయంలో ఉన్నవాళ్లకు తెలిసినవాళ్లే లోపలికి వచ్చేవారు.

1992లో జస్టిస్ లారెన్స్ యెట్కా పదవీకాలం ముగుస్తోంది. ఆ స్థానానికి ఎన్నిక జరగాలి. పేజ్ పోటీకి సిద్ధమయ్యారు. పింఛను అర్హత కోసం జడ్జి పదవీకాలాన్ని పొడిగించే వీలు కల్పించే ఒక చట్ట నిబంధన ఉంది. దాన్ని చూపి గవర్నర్ ఆర్నీ కార్ల్‌సన్ యెట్కాకు పొడిగింపు ఇచ్చారు. దాంతో ఎన్నిక లేకుండా పోయింది.

పేజ్ కోర్టుకెళ్లారు. అది ‘పేజ్ వర్సెస్ కార్ల్‌సన్’ కేసు. తమ సహచరుడి సీటు గురించిన వివాదం కాబట్టి రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జీలు పక్కకు తప్పుకున్నారు. వారి బదులు కూర్చున్న ప్రత్యామ్నాయ ధర్మాసనం కేసు విన్నది. ఆ స్థానానికి ఎన్నిక జరపాల్సిందేనని తీర్పిచ్చింది. ఆ నవంబరులో పేజ్ గెలిచారు. ముందు నియామకం అన్నది లేకుండా నేరుగా ప్రజల ఓటుతో ఆ కోర్టులోకి రావడం మిన్నెసోటాలో చాలా అరుదు. తర్వాత 1998, 2004, 2010 ఎన్నికల్లోనూ ఆయనే గెలిచారు.

ఆయన పోటీని అప్పట్లో న్యాయవాద వర్గాల్లో కొందరు తేలిగ్గా తీసుకున్నారు. ఫుట్‌బాల్ ఆడినవాడికి ఓట్లు పడతాయి గానీ తీర్పులు రాయడం వస్తుందా అన్నది వాళ్ల సందేహం. పేజ్ అప్పటికే పదేళ్లకు పైగా అనుభవమున్న లాయర్. అర్హత గురించిన ఈ ప్రశ్న ఎవరిని అడుగుతారు, ఎవరిని అడగరు అన్నది అణగారిన వర్గాల నుంచి వచ్చిన ప్రతి మొదటి మనిషికీ అనుభవమే.

బడుల నిధులపై అసమ్మతి తీర్పు

ఆయన చేరేనాటికి ఆ ఏడుగురి కోర్టు ఒక విషయంలో దేశానికి దారి చూపింది. 1977లో రోజాలీ వాల్ తొలి మహిళా న్యాయమూర్తిగా వచ్చారు. 1991కి మహిళలే మెజారిటీ అయ్యారు. అమెరికాలో ఒక రాష్ట్ర సుప్రీంకోర్టులో అలా జరగడం అదే మొదలు. వాల్ నాయకత్వంలో ఏర్పడిన కార్యదళం కోర్టుల్లో జాతి వివక్షపై 1993లో నివేదిక ఇచ్చింది. పేజ్ బెంచి మీదకు వచ్చింది ఆ ఏడాదే.

అదే ఏడాది ఆయన రాసిన ఒక అసమ్మతి తీర్పును విద్యార్థులు ప్రత్యేకంగా చదవాలి. కేసు పేరు ‘స్కీన్ వర్సెస్ స్టేట్’. అమెరికాలో బడుల నిధుల్లో కొంత భాగం స్థానిక ఆస్తి పన్ను నుంచి వస్తుంది. ఖరీదైన ఇళ్లూ పెద్ద వ్యాపారాలూ ఉన్న చోట తక్కువ పన్ను రేటుకే బడికి బోలెడు సొమ్ము వస్తుంది. అవి లేని చోట జనం ఎక్కువ రేటు కట్టినా చాలీచాలని సొమ్మే. ఈ తేడా రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని ఆస్తి తక్కువగా ఉన్న స్కూలు జిల్లాలు కేసు వేశాయి. మిన్నెసోటా రాజ్యాంగం ప్రకారం విద్య ప్రాథమిక హక్కేనని మెజారిటీ ఒప్పుకుంది. అయితే రాష్ట్రం అందరికీ కనీస స్థాయి నిధులిస్తోందని, ఆపైన ఉన్న తేడాలు హక్కును భంగపరచవని చెప్పింది. పేజ్ ఒప్పుకోలేదు. విద్య ప్రాథమిక హక్కు అని ఒక చేత్తో రాసి, ఆ హక్కు ఎంత దక్కాలో ఊరి ఆస్తి విలువకు వదిలేయడం కుదరదన్నది ఆయన వైఖరి.

ఇక్కడ తెలుగు పాఠకులకు గుర్తు చేయాల్సిన సంగతి ఒకటుంది. అదే 1993 ఫిబ్రవరిలో మన సుప్రీంకోర్టు ‘ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం’ కేసులో పద్నాలుగేళ్ల లోపు పిల్లల విద్య జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఆ తర్వాత 2002లో 86వ రాజ్యాంగ సవరణ ద్వారా 21ఏ అధికరణం వచ్చింది. 2009లో విద్యాహక్కు చట్టం చేశారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. హక్కు అని రాసుకోవడం దగ్గర రెండు చోట్లా కోర్టులు ఒక్క ఏడాదిలోనే ఒక్క మాటకొచ్చాయి. సర్కారు బడికి ఎంత డబ్బు, ఏ నాణ్యత అన్న ప్రశ్న దగ్గర రెండు దేశాల్లోనూ వాదం ఆగలేదు.

పేజ్ పేరు దేశమంతా వినిపించిన మరో సందర్భం 2008 సెనేట్ ఎన్నిక. మిన్నెసోటాలో దాదాపు 29 లక్షల ఓట్లు పోలైతే, అల్ ఫ్రాంకెన్, నార్మ్ కోల్‌మన్‌ల మధ్య తేడా కొన్ని వందలే. ఓట్ల తిరిగి లెక్కింపు బోర్డులో కూర్చున్నందుకు ప్రధాన న్యాయమూర్తి, మరో జడ్జి ఆ కేసు నుంచి తప్పుకున్నారు. సీనియర్‌గా పేజ్ మీద ఆ భారం పడింది. విచారణకు ముగ్గురు జడ్జీల బెంచిని ఆయనే నియమించారు. 2009 జూన్ 30న మిగిలిన ఐదుగురూ ఏకగ్రీవంగా తీర్పిచ్చారు. 312 ఓట్ల తేడాతో ఫ్రాంకెన్ గెలిచినట్టు తేలింది. ఎనిమిది నెలల వివాదం అక్కడితో ముగిసింది. బ్యాలెట్ మీద ప్రజల హక్కు కోసం కేసు వేసి కోర్టులోకి వచ్చిన మనిషి, ప్రతి ఓటునూ లెక్కపెట్టించిన కేసును నడిపించడం యాదృచ్ఛికమే కావచ్చు.

మిన్నెసోటాలో జడ్జీలు డెబ్బై ఏళ్లకు తప్పనిసరిగా విరమించాలి. 2015 ఆగస్టులో ఆయన దిగిపోయారు.

యాభై గంటల షరతు

1988లో పేజ్‌ను హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. కాంటన్‌లో జరిగిన సభలో ఆటగాళ్లను సాధారణంగా వాళ్ల కోచో, పాత సహచరుడో పరిచయం చేస్తారు. పేజ్ తనను పరిచయం చేయడానికి మినియాపొలిస్‌లోని ఒక హైస్కూల్ ప్రిన్సిపాల్, నల్లజాతి మహిళ విల్లరీన్ బీస్లీని పిలిచారు. ప్రసంగంలో ఫుట్‌బాల్ కంటే చదువు గురించే ఎక్కువ మాట్లాడారు. ఆటలో మెరిసే నల్లజాతి పిల్లలకు చదువు రాకున్నా పై తరగతికి తోసేసే బడుల గురించి, అలా తోసేశాక వాళ్లకు ఏ దారీ మిగలకపోవడం గురించి ఆయన ఆవేదన పాతదే.

అదే ఏడాది డయాన్‌తో కలిసి పేజ్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్ స్థాపించారు. మిన్నెసోటాలో నల్లజాతి, ఆదివాసీ, ఆసియా, లాటినో వర్గాల విద్యార్థులకు హైస్కూలు తర్వాతి చదువుకు అది సాయం చేస్తుంది. సాయం తీసుకున్నవాళ్లకు ఒక షరతు ఉంది. ఏడాదికి కనీసం 50 గంటలు చిన్న తరగతుల పిల్లలతో గడపాలి. చదువు చెప్పాలి, తోడుండాలి. పేదపిల్లకు తన వీధి నుంచే కాలేజీకెళ్లిన అక్క కనిపించాలన్నది దీని వెనకున్న ఆలోచన. వేలమంది విద్యార్థులు ఈ దారిలో చదువుకున్నారు. అంబేడ్కర్ సంఘాల సాయంకాలపు ట్యూషన్లలో పాఠాలు చెప్పినవాళ్లకు, చెప్పించుకున్నవాళ్లకు ఈ పద్ధతి విలువ బాగా తెలుసు.

కూతురు కామీ పేజ్ టీచర్. ఆమెతో కలిసి ఆయన పిల్లల పుస్తకాలు రాశారు. మొదటిది 2013లో వచ్చింది. ఆటలో విరిగి పక్కకు తిరిగిపోయిన ఆయన చిటికెన వేలే దాని కథావస్తువు. బడులకు వెళ్లినప్పుడు పిల్లలు ముందు అడిగేది ఆ వేలి గురించే.

సాక్ష్యాలను కూడబెట్టిన దంపతులు

పేజ్ దంపతులు దశాబ్దాలపాటు ఒక సేకరణ చేశారు. బానిసల మెడకు వేసిన పట్టా, నల్లవాళ్లకు వేరే ద్వారం, వేరే కుళాయి అని రాసిన బోర్డులు, నల్లవాళ్లను వెక్కిరించే బొమ్మలు అందులో ఉన్నాయి. 1865లో అబ్రహాం లింకన్ అంతిమయాత్రలో నల్లజాతి జనం పట్టుకున్న బ్యానర్ కూడా ఉంది. 2018లో మినియాపొలిస్‌లో సూపర్ బౌల్ జరిగినప్పుడు, నగర కేంద్ర గ్రంథాలయంలో ఈ సేకరణను ప్రదర్శనకు పెట్టారు. దానికి పెట్టిన పేరు ‘టెస్టిఫై’. అంటే సాక్ష్యం చెప్పడం. ఆట చూడ్డానికి వచ్చిన జనం ఉన్న ఊళ్లో, ఆటలో మేటి అనిపించుకున్న మనిషి వాళ్లకు చూపించినవి ఆ బోర్డులూ ఆ మెడపట్టాలూ.

వివక్ష ఎప్పుడో పోయిందనే మాటకు వస్తువే జవాబు. ఒక జడ్జి అలా ఆలోచించడంలో వింత లేదు. రెండు గ్లాసుల పద్ధతి మా ఊళ్లో ఎప్పుడూ లేదని చెప్పే పెద్దమనుషులను చూసినవాళ్లకు, ఆ గ్లాసుల్ని ఎవరైనా దాచి ఉంటే బాగుండేదని అనిపించక మానదు.

డయాన్ 2018లోనే క్యాన్సర్‌తో చనిపోయారు. ఆ నవంబరులో పేజ్‌కు అమెరికా అత్యున్నత పౌర పురస్కారం ‘ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్’ అందింది.

పేరు మారిన బడి

మినియాపొలిస్‌లో ఒక మాధ్యమిక పాఠశాలకు మిన్నెసోటా తొలినాటి గవర్నర్ అలెగ్జాండర్ రామ్సే పేరుండేది. 1862 యుద్ధ సమయంలో డకోటా ఆదివాసులను నిర్మూలించాలి, లేదా రాష్ట్ర సరిహద్దులు దాటించాలి అన్న గవర్నర్ ఆయనే. ఈ చరిత్ర తెలుసుకున్న ఆ బడి పిల్లలు పేరు మార్చాలని పట్టుబట్టారు. చర్చలు, ప్రచారం, ఓటింగు వాళ్లే నడిపించారు. 2017లో ఆ బడి ‘జస్టిస్ పేజ్ మిడిల్ స్కూల్’ అయింది. బతికున్న మనిషి పేరు బడికి పెట్టడం అరుదు. పిల్లలే ఎంచుకుని పెట్టడం ఇంకా అరుదు.

పేజ్ సవరణ, దానిపై వాదం

పదవీ విరమణ తర్వాత ఆయన పాత ప్రశ్న దగ్గరికే తిరిగొచ్చారు. 2020 జనవరిలో, మినియాపొలిస్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంక్ అధ్యక్షుడు నీల్ కష్కరితో కలిసి రాష్ట్ర రాజ్యాంగ సవరణ ప్రతిపాదించారు. కష్కరి భారతీయ మూలాలున్న అమెరికన్. ఇప్పుడున్న నిబంధన ప్రభుత్వ బడుల వ్యవస్థను ఏర్పాటు చేయడం చట్టసభ బాధ్యత అంటుంది. దాని స్థానంలో, నాణ్యమైన ప్రభుత్వ విద్య ప్రతి బిడ్డ ప్రాథమిక హక్కు అని రాయాలన్నది ప్రతిపాదన. బాధ్యత వ్యవస్థది కాకుండా హక్కు బిడ్డది కావాలని పేజ్ వాదన. తెల్లజాతి పిల్లలకూ, నల్లజాతి, ఆదివాసీ పిల్లలకూ మధ్య చదువులో ఉన్న అంతరం దేశంలోనే ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మిన్నెసోటా ఒకటి. ఆ ఏడాది మే 25న మినియాపొలిస్ వీధిలో పోలీసు మోకాలి కింద జార్జ్ ఫ్లాయిడ్ ప్రాణం పోయింది. ఆ తర్వాత ఈ చర్చకు వేడి పెరిగింది.

దీన్ని అందరూ సమర్థించలేదు. ఉపాధ్యాయుల సంఘం వ్యతిరేకించింది. ప్రమాణాలను కొలిచే పేరుతో పరీక్షల పెత్తనం పెరుగుతుందనీ, ప్రభుత్వ నిధులు ప్రైవేటు బడుల వైపు మళ్లే దారి తెరుచుకుంటుందనీ వాళ్ల భయం. పౌరహక్కుల లాయర్లలో కొందరి అభ్యంతరం వేరు. పాత నిబంధన ఆధారంగానే, జాతి వేర్పాటు ఉన్న బడులపై వేసిన ‘క్రజ్-గుజ్మన్’ కేసును కోర్టులు వినవచ్చని 2018లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. చేతికొచ్చిన ఆ ఆయుధాన్ని వదిలి కొత్తదాన్ని నమ్ముకోవడం ఎందుకన్నది వాళ్ల ప్రశ్న. సవరణ ఓటర్ల ముందుకు వెళ్లాలంటే ముందు చట్టసభ ఆమోదించాలి. ఏళ్లు గడిచినా ఆ మెట్టు దాటలేదు.

ఈ వాదంలో ఎవరు సరైనవారన్నది పాఠకులు తేల్చుకోవచ్చు. మన విద్యాహక్కు చట్టం అనుభవం రెండు వైపులా సాక్ష్యమిస్తుంది. హక్కు అని రాశాక నిలదీయడానికి ఒక పట్టు దొరికింది. రాసినంత మాత్రాన ఎస్సీ వాడలోని బడికి టీచరు రాలేదన్నదీ నిజమే.

ముందు నడిచినవారు, వెనక వచ్చినవారు

మైదానం నుంచి ధర్మాసనానికి వెళ్లిన నల్లజాతి క్రీడాకారుల్లో పేజ్ కంటే ముందు ఎడ్వర్డ్ గోర్డిన్ ఉన్నారు. 1921లో లాంగ్ జంప్‌లో 25 అడుగులు దాటిన ప్రపంచంలోనే మొదటి మనిషి ఆయన. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో రజతం గెలిచారు. హార్వర్డ్‌లో లా చదివారు. 1958లో మసాచుసెట్స్ సుపీరియర్ కోర్టుకు తొలి నల్లజాతి న్యాయమూర్తి అయ్యారు. పతకం తెచ్చిన ముప్పై నాలుగేళ్లకు అది జరిగింది.

మన ఉన్నత న్యాయస్థానాల లెక్క వేరు. ఇక్కడ ఎన్నికలు లేవు, రిజర్వేషన్లూ లేవు. 1950లో ఏర్పడిన సుప్రీంకోర్టుకు తొలి దళిత న్యాయమూర్తిగా ఎ.వరదరాజన్ 1980లో వచ్చారు. తెలుగు నేల నుంచి కె.రామస్వామి 1989లో వెళ్లారు. కె.జి.బాలకృష్ణన్ 2007లో, బి.ఆర్.గవాయ్ 2025లో ప్రధాన న్యాయమూర్తులయ్యారు. మొదటివాడు రావడానికి పట్టిన కాలం ఒక కొలత అయితే, రెండోవాడు రావడానికి పట్టిన కాలం ఇంకా కచ్చితమైన కొలత.

మిన్నెసోటాలో ఆ రెండో కొలత కొంత నయం. పేజ్ ఉండగానే 2012లో విల్హెల్మినా రైట్ ఆ కోర్టులో తొలి నల్లజాతి మహిళా న్యాయమూర్తి అయ్యారు. పేజ్ ఖాళీ చేసిన స్థానంలోకి 2015లో నటాలీ హడ్సన్ వచ్చారు. ‘క్రజ్-గుజ్మన్’ కేసులో మెజారిటీ తీర్పు రాసింది ఆమే. 2023లో ఆమె ఆ రాష్ట్ర తొలి నల్లజాతి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1993లో పేజ్ మైనారిటీగా మిగిలిపోయిన విద్యాహక్కు ప్రశ్న, పాతికేళ్ల తర్వాత అదే కుర్చీలోంచి మళ్లీ కోర్టు ముందుకొచ్చింది. ఈసారి తలుపు తెరుచుకుంది.

కాలక్రమం

1945: ఒహాయోలోని కాంటన్‌లో జననం
1966: నోటర్ డామ్ జట్టుతో జాతీయ చాంపియన్‌షిప్
1967: మిన్నెసోటా వైకింగ్స్‌లో చేరిక
1971: లీగ్ అత్యంత విలువైన ఆటగాడు
1978: లా పట్టా, వైకింగ్స్ నుంచి వేటు, షికాగో బేర్స్‌లో చేరిక
1979: తొలి మారథాన్
1981: ఆటకు వీడ్కోలు
1985: రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయంలో చేరిక
1988: హాల్ ఆఫ్ ఫేమ్, పేజ్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్ స్థాపన
1992: ‘పేజ్ వర్సెస్ కార్ల్‌సన్’ తీర్పు, ఎన్నికలో గెలుపు
1993: సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా బాధ్యతలు, ‘స్కీన్’ కేసులో అసమ్మతి
2009: సెనేట్ ఎన్నిక వివాదంపై తీర్పు
2015: పదవీ విరమణ
2017: మినియాపొలిస్‌లో బడికి ఆయన పేరు
2018: ‘టెస్టిఫై’ ప్రదర్శన, ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్
2020: విద్యాహక్కుపై పేజ్ సవరణ ప్రతిపాదన